కాంటా దగ్గర కూర్చునేది నాలాంటివాళ్లే

సంపాదకులకు నమస్కారం.

వడ్ల కొనుగోళ్లలో తరుగు, అంటే తూకంలో రైతు దగ్గర లెక్కకు మించి తీసే వడ్ల గురించి మీ పేపర్లో వచ్చిన వార్తలు చదివి ఒక పాఠకుడు ఈ మధ్య ఉత్తరం రాశారు. గుడికి పోయేవాళ్లు, మసీదుకు పోయేవాళ్లు, ఆదివారం బైబిలు సంకన పెట్టుకుని చర్చికి పోయేవాళ్లు అందరూ కాంటా దగ్గరికి వచ్చేసరికి ఒకటే అవుతారని ఆయన అన్నారు. ఆయన ఎవరో నాకు తెలియదు. కానీ బైబిలు సంకన పెట్టుకుని పోయేది నేనే, కాంటా దగ్గర కూర్చునేదీ నేనే. కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉందనిపించింది.

మాది హనుమకొండ జిల్లాలో కాకతీయ కాలువ కింద ఉన్న ఊరు. మహిళా సంఘం తరఫున నడిచే ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కేంద్రంలో, అంటే ప్రభుత్వం తరఫున వడ్లు కొనే చోట, రిజిస్టరు, ట్యాబు నేను చూస్తాను. మాకూ కొంచెం పొలం ఉంది. కుప్ప పోసి, పరదా కప్పి, మబ్బు వైపు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు.

తరుగు ఎక్కడ పుడుతుందో పట్నంలో ఉండేవాళ్లకు తెలియదు కాబట్టి ముందు అది చెప్తాను. రైతు వడ్లు తెస్తే మేము వరుస నంబరు వేస్తాం. తేమ 17 శాతానికి దిగాక, తాలు (గింజ లేని పొట్టు) పోయాక గన్నీ సంచులు ఇస్తాం. హమాలీలు నింపి కాంటా పెడతారు. బస్తాకు వడ్లు 40 కిలోలు, సంచి బరువుకు 600 గ్రాములు. అంతకు మించి ఒక్క గింజ పోవక్కర్లేదు. లారీ నిండాక ట్రక్ షీట్, అంటే లారీలో ఎంత పోతుందో చెప్పే కాగితం, రాసి మిల్లుకు పంపుతాం. మిల్లువాళ్లు దించుకుని, ఇంత ముట్టిందని ఒప్పుకుంటేనే రైతు ఖాతాలో డబ్బు పడే పని ముందుకు నడుస్తుంది. కిటుకంతా అక్కడుంది. గేటు దగ్గర లారీ ఆగితే రైతు డబ్బు ఆగుతుంది. "తాలు ఉంది, రంగు మారింది, బస్తాకు ఇంత తీస్తేనే దించుతం" అని ఫోను వస్తుంది. ఆ ఫోను రాకుండా ఉండాలని చాలాచోట్ల ముందే కాంటా మీద 41న్నర, 42 కిలోలు పెట్టేస్తారు. చీటీలో మాత్రం 40 అనే రాస్తారు.

బస్తాకు ఒక్క కిలో ఎక్కువ పోయిందనుకోండి. నాలుగెకరాల్లో వంద క్వింటాళ్లు పండించిన రైతుకు 250 బస్తాలవుతాయి, అంటే రెండున్నర క్వింటాళ్లు. 2025-26లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, ఆ లెక్కన దగ్గర దగ్గర ఆరు వేలు. యూరియా బస్తా 266 రూపాయల యాభై పైసల లెక్కన చూస్తే ఆ డబ్బుకు 22 బస్తాలు వస్తాయి. 2025 వానాకాలంలో ఒక్క యూరియా బస్తా కోసం తెల్లవారకముందే లైన్లో చెప్పులు పెట్టి నిలబడింది ఈ రైతులే.

"దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని బైబిలు సామెతల గ్రంథంలో ఉంది. మా సండే స్కూలు పిల్లలకు కూడా ఇది నోటికొచ్చు. ఇప్పుడు గుండ్లు లేవు, ఎలక్ట్రానిక్ కాంటా వచ్చింది. కాంటా ఉన్నదే చూపిస్తుంది, అబద్ధమాడేది చీటీ. ఆ చీటీ రాసేది నా చెయ్యి. బాప్తిస్మం తీసుకున్న రోజు కాలువ గట్టు మీద సగం ఊరు నిలబడి చూసింది. "ఇకనుంచి నేను ఫలానా" అని అందరి ముందు చెప్పుకున్నాక, నేను అలా బతుకుతున్నానా లేదా అని అడిగే హక్కు ఊరికి వచ్చేసింది. ఆ పాఠకుడు అడిగిన తీరు నాకు నచ్చలేదు కానీ అడగడం తప్పని అనలేను.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నిజాయితీ మా విశ్వాసుల సొత్తేమీ కాదు. మా కేంద్రంలో కాంటా అంకె చదివే అక్క ఎల్లమ్మను కొలుస్తుంది, ఏటా బోనం ఎత్తుతుంది. ఆమె ముందు హమాలీ చెయ్యి కాంటా మీద ఆనిందా, "చెయ్యి తియ్యి తమ్మీ" అని గట్టిగా అరుస్తుంది. ఆమె లేని రోజు నాకు టెన్షన్‌గా ఉంటుంది. అలాగే రైతులందరూ అమాయకులే అని కూడా అనను. పైన ఎండిన వడ్లు, కింద పచ్చివి పోసిన కుప్పలు చాలా చూశాను. తేమ యంత్రంలో వేయమని పిడికెడు పైపైన తీసి ఇస్తారు. నేను మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి పెట్టి తీస్తాను, దానికి నా మీద కోపం.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడ వచ్చిందో చెప్తాను. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు వరంగల్, హనుమకొండ ఎలా మునిగాయో మీ పేపర్లోనే ఫొటోలు వచ్చాయి. మా దగ్గర కుప్పలు తడిశాయి, కొన్ని మొలకెత్తాయి. మళ్లీ ఆరబోసి, తూర్పార పట్టి, తేమ దిగాక కాంటాలు మొదలుపెట్టాం. ముందే తరుగు తీయొద్దని, ఉన్న తూకమే చీటీలో రాయాలని మా మహిళా సంఘం అక్కలమంతా కూర్చుని తీర్మానం చేసుకున్నాం. 40 కిలోల 600 గ్రాములు పెట్టాం, అదే రాశాం. మిల్లు పేరు రాయను. లారీ గేటు బయటే ఆగింది. రోజులు గడిచాయి. డ్రైవరు ఫోను చేసి వెయిటింగ్ డబ్బులు ఎవరిస్తారని అడిగాడు. కేంద్రం దగ్గర లారీ లేక నింపిన బస్తాలు అట్లాగే ఉండిపోయాయి, మళ్లీ మబ్బు పట్టింది. సివిల్ సప్లయ్ వాళ్లకు, తహసీల్దారు ఆఫీసుకు ఫోన్లు చేస్తే "చూస్తున్నాం" అన్నారు.

అప్పుడు ఒక రైతు నా టేబులు ముందుకొచ్చి నిలబడ్డాడు. "హార్వెస్టరోడు పైసలకని మా ఇంటి ముంగట కూసున్నడు. రెండు కిలోలు పోతె పోనియ్యక్కా. నీ దేవుడొచ్చి దించుతడా లారీని?" అన్నాడు.

మా ప్రసంగాల్లో నిజాయితీగా ఉన్నవాడికి కష్టం వస్తుంది, వాడే ఓర్చుకుంటాడు, చివరికి వాడికే దీవెన వస్తుంది. బైబిల్లోని యోసేపు కథ చెప్తారు, దానియేలు కథ చెప్తారు. ఇక్కడ అట్లా లేదు. నిజాయితీ నాది, ఖర్చు ఆ రైతుది. నా గౌరవ వేతనంలో రూపాయి తగ్గలేదు. తడుస్తున్నవి ఆయన వడ్లు, వడ్డీ పెరుగుతున్నది ఆయన అప్పు మీద. ఇంకొకరి వడ్లతో నేను భక్తి చేస్తున్నానా అనే ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. మా పాస్టరు అయ్యగారిని అడిగితే "ప్రార్థన చెయ్యమ్మా, ప్రభువు మార్గం తెరుస్తాడు" అన్నారు. ప్రార్థన చేశాను. లారీ గురించి మాత్రం నేనే ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా.

మరునాడు రైతులందరినీ కేంద్రం దగ్గర కూర్చోబెట్టాం. ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాం. వడ్లు మీవి, ఇవ్వాలో వద్దో మీరు చెప్పండి, కానీ ఎంత పోతే అంత రాస్తాం అన్నాం. చాలాసేపు గొడవ జరిగింది. ఇవ్వొద్దని కొందరు, ముందు లారీ కదలాలని ఎక్కువమంది. చివరికి బస్తాకు కిలోకు ఒప్పుకున్నారు. రిజిస్టర్లో మరో గడి గీసి "మిల్లు అడిగిన తరుగు" అని రాసి, రైతు సంతకమో వేలిముద్రో తీసుకున్నాం. చీటీలో కూడా అసలు తూకమే రాశాం. నకలు తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాం. ఈ సంగతి తెలిసి మిల్లు నుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "రాసుడెందుకమ్మా, మాట్లాడుకుందాం" అన్నారు. తరుగు ఆగిపోలేదు, తర్వాతి లారీలకు తగ్గింది. అంతే. ఇదేదో గెలుపని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కిలో ఇచ్చిన రైతులకు ఆ కిలో తిరిగి రాలేదు.

అయినా నా మటుకు ఒక గీత తేల్చుకున్నాను. దాచను, అందులోంచి నేను తీసుకోను, ఎవరూ తీసుకోకుండా చూస్తాను. దానికి మించి ఇంకొకరి కడుపు మీద పంతం పట్టను. ఇది చాలదని, పూర్తిగా ఎదురు తిరగాలని మా మరిది అంటాడు. హైదరాబాదులో ఉండి ఫోన్లో అంటాడు.

మిల్లు సంగతి కన్నా నాకు ఎక్కువ మనసు కష్టమైంది మావాళ్లతోనే. మా చిన్నమామ మా చర్చి సంఘంలో పెద్ద. మబ్బు పట్టిన రోజు ఆయన కుప్ప వరుసలో చాలా వెనక ఉంది. "బిడ్డా, మనం మనం విశ్వాసులం. ఒక పేజీ ముంగటికి రాస్తె ఏమైతది?" అన్నాడు. ముందున్న కుప్పల్లో ఒకటి భర్త పోయిన సాకలి అవ్వది, ఒకటి మాకు అసలు పడని ఇంటివాళ్లది. కాదన్నాను. ఆ ఆదివారం ఆరాధనలో చిన్నమామ లేచి, "గర్వించిన వారిని వారి ఆసనముల నుండి దించు ప్రభువా" అని కళ్లు మూసుకుని పెద్ద ప్రార్థన చేశాడు. మా సంఘాల్లో తిట్టాలంటే ఇట్లా ప్రార్థనలోనే తిడతారు, ఎదురు చెప్పడానికి ఉండదు, పైగా ఆమెన్ అనాలి. నేనూ ఆమెన్ అన్నాను.

ఇంకా చిన్న చిన్నవి ఉంటాయి. సన్న వడ్లకు క్వింటాకు 500 బోనస్ ఉంది కాబట్టి దొడ్డువి సన్నాలని రాయమంటారు. ఊళ్లో రైతుల దగ్గర తక్కువకు కొన్న వ్యాపారి, ఆ వడ్లు ఇంకో రైతు పేరు మీద మా దగ్గర అమ్ముకోవడానికి, "మీ చుట్టాల పాసుబుక్కు ఏదైనా ఉంటె చెప్పు వదినా, మీకూ ఏదన్న చూస్త" అంటాడు. వీటికి కాదనడం పెద్ద పనేమీ కాదు, తప్పు కంటి ముందు కనిపిస్తుంది. కౌలు రైతు దగ్గరే తెలియదు. పండించింది ఆయన, డబ్బు పడేది పట్టాదారు ఖాతాలో. కాగితం ప్రకారం నేను రాసేది సరైనదే. కానీ పండించిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ట్యాబులో ఎక్కించే ముందు ఇద్దరినీ పిలిచి, ఇవి ఎవరి వడ్లో, డబ్బు ఎవరికి చేరాలో నలుగురి ముందు అనిపిస్తాను. దానికి చట్టంలో విలువ లేదు, ఊళ్లో మాత్రం కొంత విలువ ఉంది.

మా చర్చి సంఘాలవాళ్లు కూడా ఈ పేపరు చదువుతారు కాబట్టి వాళ్లకూ ఒక మాట. కానుకల సమయంలో లూకా సువార్తలోని వాక్యం ఒకటి మా దగ్గర తప్పకుండా చదువుతారు. "ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును, అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలతను మనుష్యులు మీ ఒడిలో కొలుతురు" అని చదివి అక్కడ ఆపుతారు, పళ్లెం తిరగడం మొదలవుతుంది. ఆ వాక్యం అక్కడ అయిపోలేదు. "మీరు ఏ కొలతతో కొలుతురో ఆ కొలతతోనే మీకు మరల కొలువబడును" అని ఇంకో సగం ఉంది. అది తీర్పు తీర్చడం గురించి, క్షమించడం గురించి చెప్పిన మాట అని మా అయ్యగారు వివరించారు. పైవాక్యాలు చూస్తే నిజమే. కానీ ఆ మాట విన్న జనం గింజలు కొలుచుకుని బతికినవాళ్లు. సంచిని కుదిపి, అణచి, ఇంకో పిడికెడు పోయించుకోవడం అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. మాకూ తెలుసు, ప్రతి సీజన్లో చూస్తున్నాం.

సాక్ష్యాలు చెప్పమన్న ఆదివారం వీసా వచ్చిందని, ఆపరేషన్ లేకుండా రాయి పడిపోయిందని, ప్లాటు రిజిస్ట్రేషన్ అయిందని లేచి చెప్తారు. దేవునికి స్తోత్రం, నాకూ సంతోషమే. కూలీకి ఆపిన డబ్బు ఇచ్చేశానని, ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇచ్చానని సాక్ష్యం చెప్పినవాళ్లను మాత్రం నేను చూడలేదు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ పిల్లలతో యాక్షన్ సాంగ్ పాడిస్తారు. చెట్టెక్కుతాడు, దిగుతాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని అతడన్న మాట దగ్గరికి వచ్చేసరికి పాట అయిపోతుంది. సుంకరులు, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లు, బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలని అడిగితే, నిర్ణయించినదానికన్నా ఎక్కువ తీసుకోవద్దని చెప్పాడు. ఉపవాసం ఉండమనలేదు, ఉద్యోగం మానెయ్యమనీ అనలేదు. నాకు ఆ జవాబు చాలా ఇష్టం. రేపు పొద్దున్నే ఆఫీసులో చెయ్యదగ్గ పని అది.

కోత పండుగకు మా చర్చిలో ప్రథమ ఫలాలుగా వడ్ల బస్తాలు తెచ్చి బలిపీఠం ముందు పేరుస్తారు, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. ఏ బస్తా ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. నేను అడగాలన్నాను. కానుక తెచ్చినవాళ్లను అవమానించినట్టవుతుందని పెద్దలు అన్నారు. సరే, ఎవరినీ అడగొద్దు. కనీసం సంఘం జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టండి, మా మహిళా సంఘం ప్రతి నెలా మీటింగులో చదివి వినిపించినట్టు చదవండి అన్నాను. అది ఇంకా చర్చలోనే ఉంది. ఎన్ని పండుగలు చేసి ఎన్ని పాటలు పాడినా న్యాయం లేకపోతే అవి నాకు వద్దని దేవుడు చెప్పినట్టు ఆమోసు గ్రంథంలో ఉంది. తూకాలు మోసం చేసి బీదవాళ్లను కొనేసే వ్యాపారులను ఆ ప్రవక్త ఎండగట్టినట్టు ఈ రోజుల్లో మా మైకుల్లో ఎవరైనా మాట్లాడితే, మర్నాడు ఆ మైకుకు డబ్బిచ్చినవాళ్ల ఫోను వస్తుంది.

మా అమ్మమ్మది డోర్నకల్ వైపు. బిషప్ అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అప్పటి సంఘంలో ఎక్కువమంది మాలలు, మాదిగలు, అంటే దొరల పొలాల్లో కూలి చేసుకునేవాళ్లు. తర్వాత ఇతర కులాలవాళ్లు కూడా సంఘం వైపు చూశారంటే, ఈ కూలివాళ్ల నడత మారడం కళ్లారా చూడటం దానికి ఒక పెద్ద కారణమని ఆ చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. వాళ్లకు మైకులు లేవు, యూట్యూబ్ చానళ్లు లేవు, చదువు కూడా లేదు. కూలికి పోయిన చోట వాళ్లు ఎలా మసలుకున్నారో యజమాని చూశాడు. ఇప్పుడు మనలో చాలామంది కూలి దాటి గుమాస్తాలయ్యాం, టీచర్లయ్యాం, కాంట్రాక్టర్లయ్యాం, నాలాగా కాంటా దగ్గర కూర్చుంటున్నాం. చూసేవాళ్లు ఇప్పుడూ చూస్తూనే ఉన్నారు. ఆ పాఠకుడి ఉత్తరమే సాక్ష్యం.

ఆయనకు నేను చెప్పేది ఇది. కాంటా దగ్గర అందరూ ఒకటే అని ఇంట్లో కూర్చుని అనొద్దు. కొనుగోళ్లు జరిగే రోజుల్లో మీ దగ్గరున్న కేంద్రానికి వెళ్లి ఒక పూట నిలబడండి. చీటీలో అంకె, కాంటా మీద అంకె ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఆ కూర్చున్న మనిషిని, ఆమె బొట్టు పెట్టుకున్నా, బురఖా వేసుకున్నా, మెడలో సిలువ వేసుకున్నా, పేరు పెట్టి అడగండి. నన్నైనా అంతే.

అధికారులకు నా మనవి చిన్నది. బస్తాకు ఎంత తూకం పెట్టాలో ప్రతి కేంద్రంలో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించండి. మేము పంపిన తూకం, మిల్లు దించుకున్న తూకం రెండూ పక్కపక్కన రాసి గ్రామ పంచాయతీ దగ్గర అతికించే ఏర్పాటు చేయండి. లారీ గేటు దగ్గర ఆగితే ఎవరు వచ్చి ఎన్ని గంటల్లో చూడాలో ఒక ఫోన్ నంబరుతో సహా రాయండి. ఆ నంబరు ఎత్తేవాళ్లు ఉండాలి. ఎడిటరు గారూ, తరుగు వార్త వేసినప్పుడల్లా రైతు ఫొటోతో పాటు ఆ రెండు అంకెలు కూడా మీ విలేకరి చేత అడిగించండి. "రైతుల ఆందోళన" అని హెడ్డింగు పెడితే మిల్లుకు ఏమీ కాదు, అంకెలు వేస్తే అవుతుంది.

చివరగా ఒక విన్నపం. కింద నా పేరు, ఊరు, ఫోన్ నంబరు రాశాను, మీ రికార్డు కోసం. పేపర్లో మాత్రం వేయకండి. ఇంత రాసి పేరు దాచుకుంటుందేమిటని చదివినవాళ్లు అనుకుంటారని తెలుసు. నా పేరు వస్తే నన్నెవరూ ఏమీ చేయరు, మా కేంద్రం నుంచి పోయిన లారీలు గేటు బయట నిలబడతాయి. అందులో ఉండేవి నా వడ్లు కావు.

ఇట్లు,
ఒక ఐకేపీ కొనుగోలు కేంద్రం నిర్వాహకురాలు,
హనుమకొండ జిల్లా